విడిపోయాక పిల్లలు ఎవరి దగ్గర? నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులకు ఒక పోలిక

విడాకుల వ్యవహారం మొదలైందంటే బంగారం, కట్నం, పొలం లెక్కలు ఇరువైపులా కాగితాల మీద తయారైపోతాయి. పిల్లవాడు సోమవారం పొద్దున ఏ ఇంటి నుంచి బడికి బయల్దేరతాడని అడిగితే మాత్రం ఎవరూ జవాబు చెప్పలేరు. "బిడ్డ మాదే" అన్న పంతం ఒక్కటే ఉంటుంది. ఆ పంతాన్ని కోర్టు పెద్దగా పట్టించుకోదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) 13వ సెక్షన్ ప్రకారం పిల్లల సంక్షేమమే ముందు, తల్లి హక్కయినా తండ్రి హక్కయినా దాని తర్వాతే.

అందుకే ఏ ఏర్పాటు మంచిదని ఎవరైనా అడిగితే, ముందు పిల్లల వారాన్ని కాగితం మీద రాయమంటాను. బడికి ఎవరు దింపుతారు, ట్యూషన్ ఎక్కడ, సాయంత్రం ఆరు దాకా ఇంట్లో ఎవరుంటారు, జ్వరం వస్తే పనికి సెలవు పెట్టగలిగేది ఎవరు. ఆ వారం ఏ ఇంట్లో తక్కువ చెదురుతుందో అది ప్రధాన ఇల్లు. మిగతా బేరాలు ఆ తర్వాతవి.

పోలికలోకి వెళ్లే ముందు, పంచాయతీల్లో చెలామణి అయ్యే కొన్ని మాటలు సరిచేయాలి. "ఐదేళ్లు నిండేదాకా తల్లికి, తర్వాత తండ్రికి" అంటారు. చట్టంలో ఉన్నది మొదటి సగమే. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 6వ సెక్షన్ చెబుతుంది. ఐదో పుట్టినరోజు మర్నాడు తండ్రికి అప్పగించాలని ఎక్కడా లేదు. అదే సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడనీ, అతని "తర్వాత" తల్లి అనీ అంటుంది. ఆ మాటను తండ్రి చనిపోయాక అని కాకుండా, తండ్రి ఆ బాధ్యతలో లేనప్పుడు అని చదువుకోవాలని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

"మగపిల్లవాడు అటు, ఆడపిల్ల ఇటు" అన్న పంపకం ఇంకో ముచ్చట. పెద్దమనుషులకు చాలా ఇష్టమైన తీర్పు ఇది, ఎందుకంటే చూడటానికి సమానంగా ఉంటుంది. అన్నాచెల్లెళ్లకు అది రెండో విడాకులు. గట్టి కారణం లేకుండా తోబుట్టువులను విడదీయడానికి కోర్టులు సాధారణంగా ఇష్టపడవు. ముస్లిం కుటుంబాల్లో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు రజస్వల అయ్యేదాకా తల్లి సంరక్షణలో ఉండాలంటారు. అక్కడ కూడా వివాదం సంరక్షకుల చట్టం (1890) కింద కోర్టుకు వెళితే న్యాయమూర్తి బిడ్డ మేలునే తూకం వేస్తారు.

తల్లికి ఉద్యోగం లేదు కాబట్టి పిల్లలు ఆమెకు రారన్నది ఒట్టి భయం. డబ్బు లోటు పూడ్చడానికి భరణం ఉంది.

రెండు ఇళ్ల మధ్య దూరం

కస్టడీ ఏర్పాట్లలో సగాన్ని దూరమే తేల్చేస్తుంది. నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లో ఒకరు, దర్గామిట్టలో ఒకరు ఉంటే కుదిరే ఏర్పాటు, ఒకరు ఒంగోలులో మరొకరు కావలిలో ఉంటే కుదరదు. మన దగ్గర భార్య పుట్టింటికి వెళ్లిపోవడంతోనే విడిపోవడం మొదలవుతుంది కాబట్టి, రెండు ఇళ్లూ ఒకే ఊళ్లో ఉండటం అరుదు.

వారం తల్లి దగ్గర, వారం తండ్రి దగ్గర అన్న ఉమ్మడి సంరక్షణ గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చమని సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. అయినా ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు అలా ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. నా దృష్టిలో ఇది కొద్దిమందికే సరిపోతుంది. రెండు ఇళ్ల నుంచీ బడి అరగంటలోపు ఉండాలి. రెండు చోట్లా యూనిఫాం, చెప్పులు, చదువుకునే బల్ల ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, "రేపు సైన్స్ ప్రాజెక్టు ఇవ్వాలి, చార్టు కొన్నారా?" అని ఒకరికొకరు ఫోను చేసుకుని, ఆ మాట గొడవగా మారకుండా పెట్టేయగలగాలి. అది చేతకాని ఇద్దరికి వారాల వంతు ఇస్తే ప్రతి ఆదివారం సాయంత్రం ఒక తగువు ఖాయం. కబురు మోసే పని పిల్లల మీద పడుతుంది.

ఒక ఇల్లు, నెలకు కొన్ని కలయికలు అన్నది కోర్టుల్లో ఎక్కువగా కనిపించే ఏర్పాటు. ఒకరి దగ్గర సంరక్షణ, రెండోవారికి సందర్శన హక్కు. రెండో, నాలుగో ఆదివారాలు అని రాసి వదిలేస్తారు. తేలికైనది, అమలు చేయడం సులువు. ఇందులో లోపం రెండో ఏడాది బయటపడుతుంది. నెలకు రెండు ఆదివారాలు హోటల్లో బిర్యానీ, బొమ్మల దుకాణం, మైపాడు బీచి అయ్యాక, రెండో తల్లో తండ్రో ఒక చుట్టంగా మిగిలిపోతారు. ఆ మనిషి హోంవర్క్ చేయించడం, తల దువ్వడం, మందలించడం పిల్లలకు తెలియకుండా పోతుంది. ఇద్దరు పెద్దలూ ఒకే ఊళ్లో ఉంటే ఆదివారాలతో పాటు వారం మధ్యలో ఒక సాయంత్రం కూడా అడగండి, బడి దగ్గర ఎక్కించుకుని రాత్రి భోజనం పెట్టి దింపేలా. పిల్లలకు అలాంటి మామూలు సాయంత్రం బీచి షికారుకన్నా ఎక్కువ ఇస్తుంది.

దూరంగా ఉన్నవారికి నేను సూచించేది మూడోది. బడి రోజులన్నీ ఒక ఇంట్లో, సెలవుల్లో పెద్ద వాటా రెండో ఇంట్లో. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తండ్రి చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో సూపర్‌వైజరు. తల్లి కావలిలో పుట్టింట్లో ఉంటూ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పాప మూడో తరగతి. మధ్యలో దాదాపు 90 కిలోమీటర్లు. నెలకు ఒకసారి తండ్రి పొద్దున ఒంగోలులో పినాకిని రైలు ఎక్కి కావలిలో దిగితే, సాయంత్రం తిరుగు బండి వచ్చేదాకా పాపతో ఒక పగలు గడపవచ్చు. పాపను తిప్పే పని లేదు, పెద్దమనిషే ప్రయాణం చేస్తాడు. దసరాకు నాలుగైదు రోజులు, సంక్రాంతి సెలవులు ఏడాది విడిచి ఏడాది, వేసవిలో నెల రోజులు పాప చీమకుర్తిలో ఉంటుంది. ఆ నెలలో నాయనమ్మ చేతి వంట, బాబాయి పిల్లలు, మధ్యాహ్నం నిద్ర, తండ్రి కోపం, తండ్రి నవ్వు అన్నీ దక్కుతాయి. ఏడాదికి రోజులు లెక్కేస్తే నెలకు రెండు ఆదివారాలకన్నా ఇదే ఎక్కువ. ప్రయాణాలూ తగ్గుతాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు ఇల్లున్నవారికి నెల్లూరు దాకా రావడమంటే ఒక పూట పోతుంది కాబట్టి, వాళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించదు. ఒక షరతు మాత్రం ఉంది. మూడేళ్లలోపు బిడ్డకు ఈ పద్ధతి పనికిరాదు. అంత చిన్నవాళ్లు నెల రోజులు తల్లిని చూడకుండా ఉండలేరు, నెల రోజులు తండ్రిని చూడకపోతే గుర్తుపట్టలేరు. వాళ్లకు తరచుగా, కొద్దిసేపు, తెలిసిన ఇంట్లో.

మధ్య రోజులకు వీడియో కాల్ ఉంది. యశిత సాహు కేసులో (2020) సుప్రీంకోర్టు, పిల్లలకు ఇద్దరి ప్రేమా దక్కే హక్కు ఉందని చెబుతూ, నేరుగా కలవలేనివారికి ఫోను, వీడియో కాల్ ద్వారా మాట్లాడే హక్కు ఇవ్వాలంది. ఉత్తర్వులో వేళ రాయించండి. "వీలున్నప్పుడు" అని రాస్తే ఎప్పటికీ వీలు కాదు.

అమ్మమ్మ ఇల్లు, హాస్టలు

తల్లి కువైట్‌లో, తండ్రి బెంగళూరులో, పిల్లలు కందుకూరులో అమ్మమ్మ దగ్గర. ఇది మన దగ్గర కొత్త కాదు, చెడ్డదీ కాదు. కాకపోతే కాగితం మీద ఆ పెద్దావిడకు ఏ హోదా ఉండదు. ఆపరేషన్‌కు సంతకం, బడిలో టీసీ, బ్యాంకు ఖాతా, అన్నిచోట్లా చిక్కే. అలాంటప్పుడు పిల్లలు ఎవరి ఇంట్లో ఉంటారో, రోజువారీ నిర్ణయాలు ఎవరివో రాజీ పత్రంలోనే రాయించాలి.

హాస్టలు గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. నెల్లూరులోనూ ఒంగోలులోనూ రెసిడెన్షియల్ బడులకు కొదవ లేదు. ఇద్దరిలో ఎవరూ తగ్గనప్పుడు "ఎవరికీ వద్దు, హాస్టల్లో వేద్దాం" అని ఎవరో ఒక మేనమామ అంటాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇల్లు చెదిరిన ఏడాదే పిల్లలకు ఇల్లే లేకుండా చేయడం అది. తొమ్మిదో తరగతి పిల్ల తానే అడిగితే వేరు సంగతి. రెండో తరగతి పిల్లవాడిని వేస్తే పెద్దల రాజీ ఖర్చు వాడు కట్టినట్టు. తప్పనిసరి అయితే ఔటింగ్ రోజు ఎవరు వస్తారో, వార్డెన్ ఎవరికి ఫోను చేయాలో, ఫీజు ఎవరు కట్టాలో ఇద్దరి సంతకాలతో బడికి రాసివ్వండి. గేటు దగ్గర ఇద్దరూ ఎదురుపడి అరుచుకుంటుంటే, మెట్ల మీద నిలబడి చూసేది ఆ పిల్లవాడే.

పంచాయతీ, రాజీ, పోటీ కేసు

ఏర్పాటు తేలాక దానికి చట్టబలం ఎలా తేవాలన్నది రెండో ఎంపిక.

పెద్దమనుషుల పంచాయతీ వేగంగా అవుతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన మనుషులు, ఖర్చు తక్కువ. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు, బిడ్డ తల్లి వద్దనే ఉండును" అని రాసి సాక్షి సంతకాలు పెట్టిస్తారు. కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప ఆ కాగితంతో హిందువులకు విడాకులు కావు. బిడ్డను పంపకపోతే ఆ కాగితం చూపించి అమలు చేయించుకునే దారీ లేదు. అందుకని పెద్దమనుషులను మాట కుదర్చడానికి వాడుకోండి, కుదిరిన మాటను కోర్టు ఉత్తర్వుగా మార్చుకోండి. "పిల్లలకు భరణం అడగను" అన్న షరతుకు తల్లి చేత సంతకం పెట్టించడం ఆ కాగితాల్లో మామూలే. పిల్లల పోషణ పిల్లల హక్కు. తల్లి వదులుకున్నంత మాత్రాన కోర్టు దాన్ని వదిలేయాలని లేదు.

పరస్పర అంగీకారంతో విడాకులు (హిందూ వివాహ చట్టం 13బి) అన్నిటిలో మేలైన దారి. ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి, రెండో దశకు ఆరు నెలల గడువు ఉంటుంది. ఆ గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల ఏర్పాటంతా అదే పిటిషన్‌లో చేర్చవచ్చు. కేసు వేయకముందే, లేదా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో కూర్చోవడం మరో మార్గం. అక్కడ విడాకులు ఇవ్వరు గానీ సంరక్షణ, భరణం మీద రాజీ చేయిస్తారు. అక్కడ ఇచ్చే రాజీ తీర్పుకు (అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

రాజీకి దారే లేకపోతే పోటీ కేసు. సంరక్షకుల చట్టం కింద పిటిషన్, బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో వేయాలి. నెల్లూరులో చదువుకుంటున్న పిల్లను గత వారం ఒంగోలుకు తీసుకొచ్చినంత మాత్రాన కేసు ఒంగోలుకు మారదు. ఈ దారిలో వాయిదాలు ఎక్కువ, అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. విడాకుల కేసు నడుస్తుంటే అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల పోషణ, చదువు ఖర్చుకు దరఖాస్తు పెట్టవచ్చు. దాన్ని నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, తేల్చాలని చట్టమే చెబుతుంది.

పోటీ కేసు వేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. బిడ్డ ఇష్టాన్ని న్యాయమూర్తి అడగవచ్చు. దానికి ఇన్నేళ్లని గీత లేదు, తెలివిగా చెప్పగలిగే వయసైతే చాలు. చాంబర్‌లో కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడతారు. ఏడేళ్ల పిల్లవాడు "నాన్న మమ్మల్ని మానసికంగా వేధించాడు" అని లాయరు భాషలో చెబితే, ఎవరు నేర్పారో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. 2017లో వివేక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఒకరి మీద మరొకరు పిల్లల మనసు విరిచేయడాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

హింస ఉన్న ఇంట్లో పై పోలిక ఏదీ వర్తించదు. అక్కడ రాజీ కోసం ఎదురు చూడకండి. గృహహింస చట్టం (2005) 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు తాత్కాలికంగా పిల్లలను అప్పగించవచ్చు. కలయిక వల్ల బిడ్డకు హాని ఉందనిపిస్తే దాన్ని నిరాకరించాలి. సాయానికి ఫోను నంబర్లు: మహిళలకు 181, పిల్లల కోసం 1098.

ఉత్తర్వులో ఎంత వివరంగా రాయాలి

"తండ్రి సెలవుల్లో పిల్లను చూసుకోవచ్చు" అన్న వాక్యం మీద ఎన్ని తగువులైనా పడవచ్చు. దాని బదులు ఇలా రాయించండి: "ప్రతి నెలా రెండో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి కావలి రైల్వే స్టేషన్ ముందు పాపను తీసుకుని, ఆదివారం సాయంత్రం 6 గంటలకు అక్కడే తల్లికి గానీ అమ్మమ్మకు గానీ అప్పగించాలి. రాలేకపోతే గురువారం రాత్రిలోగా మెసేజి పెట్టాలి. పాప జ్వరంతో ఉంటే ఆ కలయిక తర్వాతి శనివారానికి మారుతుంది." చదవడానికి చాదస్తంగా ఉంటుంది, ఉండనివ్వండి. అప్పగించేటప్పుడు బడి డైరీ, మందులు, కళ్లజోడు సంచిలో ఉన్నాయా అన్నదానికీ ఒక ముక్క రాయండి. ఆదివారం రాత్రి కళ్లజోడు చీమకుర్తిలో, పాప కావలిలో, సోమవారం పరీక్ష అన్నది ఊహించని విషయమేమీ కాదు.

సంక్రాంతి ఎవరింట్లో అన్న దగ్గరే చాలామంది తగువు పడతారు. సరి సంవత్సరం ఒకరికి, బేసి సంవత్సరం ఒకరికి, సంక్రాంతి దక్కనివారికి ఆ ఏడు దసరా అని రాసుకుంటే మళ్లీ మాట్లాడే పని ఉండదు. ముస్లిం కుటుంబాల్లో రంజాన్, బక్రీద్ అలాగే పంచుకోవచ్చు. రొట్టెల పండుగకు పిల్లల పేరున మొక్కున్నవారు దాన్ని కూడా జాబితాలో చేర్చుకోవడం మంచిది.

భరణం నెలవారీగా ఉండాలన్నది జీతగాళ్లకు బాగానే ఉంటుంది. పొగాకు రైతుకు డబ్బు వేలం సాగే నెలల్లో వస్తుంది, రొయ్యల రైతుకు చెరువు పట్టినప్పుడు వస్తుంది. అలాంటివారికి నెలకు ఒక కనీస మొత్తం, దానికి తోడు బడులు తెరిచే జూన్ 12కు ముందు ఫీజు మొత్తం నేరుగా బడికి కట్టడం అన్న రెండంచెల పద్ధతి నయం. రాబడి దాచిపెట్టే అలవాటుకు 2020లో రజనేష్ కేసు కొంత విరుగుడు. సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలి.

ఇంకో చిన్న విషయం, కానీ ఇళ్లలో గట్టిగానే నడిచేది. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు, 13,000 రూపాయలు, తల్లి ఖాతాలో పడుతుంది. పిల్లవాడు తండ్రి దగ్గర ఉండి చదువుతుంటే ఆ డబ్బు ఎవరి ఖర్చుకు పోవాలో ఒక వాక్యం రాయించండి. రేషన్ కార్డులో పిల్లల పేరు ఏ ఇంటి కింద ఉండాలో కూడా. ఇంటిపేరు గొడవ మరొకటి. భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, సహజ సంరక్షకురాలిగా, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించుకోవచ్చని 2022లో ఆకెళ్ల లలిత కేసులో సుప్రీంకోర్టు అంది. తండ్రి బతికి ఉన్నప్పుడు అది వేరే లెక్క. అప్పుడు ముందే రాసుకుంటే మంచిది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో విడిపోయి పిల్లలతో నెల్లూరు వచ్చేసినవారి సంగతి వేరు. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అక్కడి ఉత్తర్వును ఇక్కడి కోర్టు కళ్లు మూసుకుని అమలు చేయదు, అలాగని పక్కన పడేయదు కూడా. బిడ్డ మేలు విడిగా చూస్తుంది. ఇలాంటివి ఊళ్లో తెలిసినవారి సలహాతో నడిపే కేసులు కావు.

ఎంచుకున్నది జీవితాంతం కాదు. పాప ఆరో తరగతికి బడి మారినా, తండ్రికి బదిలీ అయినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నా ఉత్తర్వు మార్చమని అడగవచ్చు. సంరక్షణ ఉత్తర్వులు స్వభావరీత్యా మార్చదగినవేనని 1973లోనే రోసీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లాయరు ఫీజు ఇచ్చుకోలేనివారు నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు రాబడితో సంబంధం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు పెళ్లి శుభలేఖ, ఫొటో లేదా రిజిస్ట్రేషన్ కాగితం, పిల్లల జనన ధ్రువపత్రం, బడి ఫీజు రసీదులు, ఇద్దరి చిరునామాలు, పంచాయతీ కాగితం ఏదైనా ఉంటే దాని నకలు తీసుకెళ్లండి. పిల్లల వారం రాసిన ఆ కాగితం కూడా.